కొత్త కంప్యూటరు ఇప్పుడు కొనవలెనా, వేచి యుండవలెనా?

ఒక ఉన్నత పాఠశాలలో విజ్ఞాన శాస్త్ర ప్రయోగములను చిత్రించి వీడియో పాఠములుగ కూర్చవలెనని సంకల్పించినారనుకొందము. చిత్రించుటకు మంచి ఫోను కలదు. కూర్పునకు ఉన్న కంప్యూటరు మాత్రము పాతది. దానిపై చిత్రము ఆగి ఆగి నడుచును. కొత్తది కొనుటకు 80,000 రూపాయలు సిద్ధముగ నున్నవి. భౌతికశాస్త్ర ఉపాధ్యాయుడు "ఇప్పుడే కొందమండీ" అనును. గణితోపాధ్యాయుడు "వచ్చే యేడు ఇదే ధరకు ఇంతకంటె వేగమైనది వచ్చును గదా, తొందరేల?" అనును. ప్రధానోపాధ్యాయుడు ఎటు చెప్పుటకును తోచక, "ఆలోచింతము" అని ఫైలు మూసివేయును.

ఇరువురి మాటయు సత్యమే. అయితే గణితోపాధ్యాయుని సత్యములో ఒక చిక్కు కలదు. ఆయన వచ్చే యేడు కూడ ఇదే మాట అనవచ్చును. అప్పుడును అది సత్యమే యగును. ఆ మాటనే పట్టుకొని కూర్చున్నచో కొనుట ఎన్నటికిని జరుగదు. కావున "ముందు మంచిది వచ్చునా?" అను ప్రశ్నతో పని తీరదు. "అది వచ్చువరకు వేచి యుండుటకు మనము చెల్లించు మూల్యమెంత?" అని అడుగవలెను. ఈ ప్రశ్నకు గుణకారము, భాగహారము వచ్చిన విద్యార్థి ఎవ్వడైనను సమాధానము కనుగొనవచ్చును.

కూర్పు పని యంత్రమున కేల భారము?

ముందుగ యంత్రముపై పడు భారమెట్టిదో చూతము. 4కె అను వీడియోలో ఒక్కొక్క ఫ్రేమునందు అడ్డముగ 3,840, నిలువుగ 2,160 చొప్పున చిత్రబిందువులు, అనగా పిక్సెళ్ళు, ఉండును. ఈ రెంటిని గుణించిన 82,94,400 వచ్చును. ఒక్కొక్క బిందువు రంగును తెలుపుటకు 3 బైట్లు కావలెననుకొన్నచో, ఒక ఫ్రేమునకు సుమారు 25 మెగాబైట్లు అగును. మన దేశపు టెలివిజను పద్ధతి ననుసరించి సెకనుకు 25 ఫ్రేములు చూపినచో సెకనుకు 622 మెగాబైట్లు. ఒక గంటకు ఇంచుమించు రెండుంబావు టెరాబైట్లు!

ఇంత రాశిని ఏ ఫోనును దాచలేదు. అందుచేత కెమెరా దానిని కుదించి వ్రాయును. సెకనుకు 100 మెగాబిట్లు, అనగా 12.5 మెగాబైట్లు వ్రాయు కెమెరా అసలు రాశిని సుమారు 50వ వంతునకు తగ్గించుచున్నదన్నమాట.

ఈ కుదింపు ఎట్లు జరుగునో తెలిసికొన్నచో కూర్పులోని కష్టము తేటపడును. దుకాణదారుడు నెల మొదటి తేదీన సరకంతయు లెక్కించి వ్రాసికొనునని తలతము. తరువాత ప్రతి దినమును వచ్చినదెంత, పోయినదెంత అను మార్పులను మాత్రమే చిట్టాలో వ్రాయును. కాగితము కలిసివచ్చును. కాని 20వ తేదీన సరకెంత యున్నదని ఎవరైన అడిగినచో, మొదటి తేదీనుండి కూడుచు, తీసివేయుచు రావలెను. వీడియో కుదింపులో కూడ అప్పుడొకటి, అప్పుడొకటి మాత్రమే పూర్తి ఫ్రేములు; నడుమ ఉన్నవన్నియు మార్పుల పట్టీలే. సినిమా చూచునప్పుడు ఫ్రేములు వరుసగ వచ్చును గనుక బాధ లేదు. కూర్పరి అట్లు చూడడు. ముందునకు దూకును, వెనుకకు పోవును, ఒక ఫ్రేమువద్ద నిలుచును, అక్కడ కత్తిరించును. అతడు దూకిన ప్రతిసారియు యంత్రము వెనుకటి పూర్తి ఫ్రేమునకు పోయి లెక్క తిరుగవేయవలెను. పాత కంప్యూటరు ఆగి ఆగి నడుచుటకు ముఖ్య కారణ మిదియే.

ఈ లెక్కను వేగముగ చేయుటకు నేటి చిప్పులలో ప్రత్యేకమైన విద్యుద్వలయములను అమర్చుచున్నారు. అయితే అవి తమకు నేర్పిన కుదింపు పద్ధతిని మాత్రమే ఎరుగును. హెచ్.264 అను పద్ధతి 2003లోను, హెచ్.ఇ.వి.సి. 2013లోను, ఎ.వి.1 అనునది 2018లోను ప్రమాణములుగ వెలువడినవి. ఎంత ఖరీదైన యంత్రమైనను తాను పుట్టిన పిదప వచ్చిన పద్ధతికి తగిన వలయము దానిలో ఉండదు. అట్టి వీడియోను సాధారణ గణన భాగముతోనే విప్పవలెను. అది నెమ్మది పని. కంప్యూటరు కొనువారు గడియారపు వేగముకంటె ముందుగ విచారింపవలసిన దీ విషయము.

యంత్రముల వృద్ధి ఏ తీరున జరుగుచున్నది?

1965 ఏప్రిలులో గోర్డన్ మూర్ అను శాస్త్రజ్ఞుడు 'ఎలక్ట్రానిక్స్' పత్రికలో ఒక వ్యాసము వ్రాసెను. ఒక చిప్పుపై అమర్పదగిన భాగముల సంఖ్య ఏటేట రెట్టింపగుచున్నదనియు, ఇంకొక పదేండ్లు ఇట్లే సాగవచ్చుననియు ఆయన ఊహించెను. 1975లో ఆయనయే దానిని సవరించి, రెండేండ్ల కొకమారు రెట్టింపగుననెను. దీనినే మూర్ సూత్రమందురు. ఇది ప్రకృతి నియమము కాదు; ఒక పరిశ్రమ నడకను చూచి కట్టిన అంచనా మాత్రమే. అయినను ఆశ్చర్యకరముగ నిలిచినది. 1971లో వచ్చిన ఇంటెల్ 4004 చిప్పులో 2,300 ట్రాన్సిస్టర్లుండెను. 2020లో వచ్చిన ఆపిల్ ఎం1 చిప్పులో 1,600 కోట్లు కలవు. 2,300ను ఎన్నిమార్లు రెట్టించిన 1,600 కోట్లగునో విద్యార్థులు వేసి చూడవచ్చును. ఇంచుమించు 23 మార్లు. 49 ఏండ్లలో 23 రెట్టింపులనగా, ఒక్కొక్కదానికి రెండేండ్లకు కొంచెము మించి పట్టినదన్నమాట.

కాని ట్రాన్సిస్టర్లు రెట్టింపైనంత మాత్రమున పని వేగము రెట్టింపు కాదు. 1974లో రాబర్ట్ డెన్నార్డు, ఆయన సహచరులు ఒక సంగతి చూపిరి. ట్రాన్సిస్టరు పరిమాణముతోపాటు విద్యుత్పీడనమును కూడ తగ్గించుచు వచ్చినచో, చిప్పు వేడి పెరుగకుండ వేగమును పెంచవచ్చును. సుమారు 2005 వరకు పరిశ్రమ ఈ మార్గముననే నడచినది. తరువాత ట్రాన్సిస్టర్లు మరీ చిన్నవై, అవి ఆగియున్నప్పుడు కూడ విద్యుత్తు కారుట మొదలైనందున పీడనము నింక తగ్గించుటకు వీలులేకపోయినది. 2004లో పెంటియం 4 చిప్పు సెకనుకు 380 కోట్ల గడియారపు స్పందనల వేగము నందుకొన్నది. 2024లో వచ్చిన ఇంటెల్ చిప్పులలో అత్యధిక వేగము 620 కోట్లు. అనగా ఇరువది ఏండ్లలో గడియారము రెట్టింపైనను కాలేదు. నేటి వృద్ధి ముఖ్యముగ మూడు దారుల వచ్చుచున్నది. ఒక స్పందనలో ఎక్కువ పని చేయుట, ఒకే చిప్పులో పలు గణన భాగములుంచుట, పైన చెప్పిన ప్రత్యేక వలయముల నమర్చుట. ఒక్క సంవత్సరము ఆగినంత మాత్రమున అన్ని పనులకును రెట్టింపు వేగము లభించునని ఆశించుట నేడు చెల్లదు.

వేచి యుండుట ఎప్పుడు లాభము?

1999లో అరిజోనా విశ్వవిద్యాలయములోని ఖగోళ పరిశోధకులు కొందరు కొంత హాస్యముగను, కొంత నిజముగను ఒక లెక్క వేసిరి. కంప్యూటరుపై చాల దీర్ఘమైన గణన చేయవలసి యున్నది. వెంటనే మొదలిడుట మేలా, లేక కొంతకాలము విహరించి, వేగమైన యంత్రము వచ్చిన తరువాత కొని మొదలిడుట మేలా?

ప్రతి 18 నెలలకు యంత్రముల వేగము రెట్టింపగునని వారనుకొనిరి. ఒక పని నేటి యంత్రముపై 52 నెలలు పట్టునందము. 18 నెలలు ఊరక కూర్చుండి రెట్టింపు వేగము గల యంత్రమును కొన్నచో, పని 26 నెలలలో ముగియును. మొత్తము 44 నెలలు. సోమరికి 8 నెలలు లాభము! ఇప్పుడు 12 నెలల పనిని తీసికొందము. 6 నెలలు ఆగినచో వేగము 1.26 రెట్లగును, పనికి తొమ్మిదిన్నర నెలలు పట్టును, మొత్తము పదునైదున్నర నెలలు. ఇచ్చట ఆగినవాడు నష్టపడినాడు. ఈ రెంటికిని నడుమ హద్దు ఎక్కడనగా, 26 నెలల వద్ద. అంతకు మించిన పనికి మాత్రమే ఆగుట లాభము. రెట్టింపునకు పట్టు కాలమును 1.44 చేత గుణించిన ఈ హద్దు వచ్చును. రెట్టింపునకు 36 నెలలు పట్టినచో హద్దు 52 నెలలకు పోవును. అనగా వృద్ధి మందగించిన కొలది వేచి యుండుటకు కారణము కూడ తగ్గుచున్నదన్నమాట.

వీడియో కూర్పులో ఏ ఒక్క పనియు నెలల తరబడి సాగదు. పది నిమిషముల పాఠమునకు తుదిరూపము సిద్ధము చేయుటకు యంత్రమునకు కొన్ని నిమిషములో, కొన్ని గంటలో పట్టును. కావున అరిజోనా వారి లెక్క ప్రకారము ఎదుట నున్న పని కొరకు ఆగవలసిన అవసరమే లేదు. అయితే మన పాఠశాలకు కావలసినది ఒక పెద్ద పని కాదు. ఏడాది పొడవున సాగు చిన్న పనుల వరుస. దాని లెక్క వేరుగ చూడవలెను.

మనిషి గంటలు, యంత్రపు గంటలు

1967లో జీన్ అమ్డాల్ అను కంప్యూటరు నిర్మాత ఒక సామాన్యమైన సంగతిని ఎత్తిచూపెను. ఒక పనిలో కొంతభాగమును మాత్రమే వేగవంతము చేయగలిగినప్పుడు, మిగిలిన భాగమే మొత్తము కాలమును శాసించును. ఆయన చెప్పినది పలు గణన భాగములు గల యంత్రములను గూర్చి. కాని కూర్పు గదిలోని మనిషికి కూడ అది చక్కగ వర్తించును.

పాత యంత్రముపై ఒక పాఠము కూర్చుటకు 10 గంటలు పట్టుచున్నదనుకొందము. అందు 6 గంటలు ఉపాధ్యాయుడు చూచుట, ఎంచుట, మాట కలుపుట, దిద్దుట. తక్కిన 4 గంటలు యంత్రము ఆగి ఆగి నడచినందున అతడు ఊరక కూర్చున్న కాలము. కొత్త యంత్రము నాలుగు రెట్లు వేగమైనచో ఈ 4 గంటలు 1 గంట యగును. మొత్తము 7 గంటలు. యంత్రము నాలుగు రెట్లు వేగమైనను, పని ఒకటిన్నర రెట్లయినను వేగము కాలేదు! లోకములోని అత్యుత్తమ యంత్రమును తెచ్చినను 6 గంటలకు తగ్గదు.

ఇప్పుడు మన ఇరువురు ఉపాధ్యాయుల వాదమును తూకము వేయుదము. ఏడాదికి 60 పాఠములు చేయవలెను. నేడే కొన్నచో పాఠమునకు 3 గంటల చొప్పున తొలి సంవత్సరమే 180 గంటలు మిగులును. ఒక యేడు ఆగినచో 15 శాతము ఎక్కువ వేగము గల యంత్రము లభించుననుకొందము. అప్పుడు ఆ 1 గంట 52 నిమిషములగును. పాఠమునకు 8 నిమిషములు, 60 పాఠములకు 8 గంటలు లాభము. ఏటేట 8 గంటలు లాభము పొందుటకై తొలియేట 180 గంటలు వదులుకొనవలెను. ఆ నష్టము పూడుటకు 22 ఏండ్లకు పైగ పట్టును. అంతకాలము ఏ కంప్యూటరు నిలుచును?

ధరను గూర్చియు ఇట్లే చూడవచ్చును. వచ్చే యేడు ఇదే యంత్రము 8,000 రూపాయలు తగ్గి వచ్చుననుకొన్నను, 180 గంటలకు 8,000 అనగా గంటకు 44 రూపాయలు. ఉపాధ్యాయుని గంట అంతకంటె విలువైనదా కాదా అని ప్రధానోపాధ్యాయుడు నిర్ణయింపవచ్చును.

కాని ఇదే లెక్క రెండవవైపునకు కూడ మొగ్గవచ్చును. ఏడాదికి చేయునవి నాలుగే పాఠములైనచో మిగులునవి 12 గంటలు మాత్రమే. అప్పుడు గణితోపాధ్యాయుని మాట వినుట తప్పుకాదు. తుదిరూపము సిద్ధమగునంతసేపు కూడ ఉపాధ్యాయుడు ఎదుట కూర్చుండ నక్కరలేదు. సాయంకాలము మొదలిడి ఇంటికి పోవచ్చును. ఆ గంటలను నష్టములో చేర్చరాదు. కావున పనుల సంఖ్యయు, మనిషి ఊరక కూర్చున్న గంటలును ఈ రెండును తెలియనిదే ఎవ్వరును సలహా చెప్పజాలరు.

ధర ఎల్లప్పుడును తగ్గునా?

వేచి యుండువారి ఆశకు ఆధారము, కంప్యూటరు ధరలు సదా తగ్గునను నమ్మకము. దీర్ఘకాలములో ఇది నిజమే. ఒకటి రెండేండ్లలో కాకపోవచ్చును. 2020 చివర, 2021లో చిప్పుల కొరత ఏర్పడినది. అదే సమయమున ఈథీరియం అను అంకెల నాణెమును 'తవ్వుటకు' గ్రాఫిక్స్ కార్డులను రాసులుగ కొనిరి. వీడియో కూర్పునకు కావలసినవియు ఆ కార్డులే. కొన్ని ప్రకటించిన ధరకు రెట్టింపు పలికినవి. 2022 సెప్టెంబరు 15న ఈథీరియం ఆ పద్ధతిని మానుకొనుటతో ఆ గిరాకీ పోయినది. ఇక 2025 చివరి నెలలలో కృత్రిమ మేధ కొరకు కట్టుచున్న డేటా కేంద్రములు మెమొరీ చిప్పులను పెద్దయెత్తున కొనుటచే ర్యాము ధరలు వేగముగ పెరిగినవి. ఆ యేడు ధర తగ్గునని ఆగినవారు మొదటికంటె ఎక్కువ చెల్లింపవలసి వచ్చినది. ధర తగ్గుట వానరాకడ వంటిది. దానిని నమ్మి పాఠశాల ప్రణాళిక వేయరాదు.

ఆగదగిన సందర్భములు

అయినను కొద్దికాలము ఆగుట వివేకమనదగిన సందర్భములు లేకపోలేదు. మొదటిది, పెద్ద మార్పు ప్రకటితమై, వచ్చు కాలము కూడ తెలిసినప్పుడు. ఆపిల్ సంస్థ ఇంటెల్ చిప్పులను విడిచి తన స్వంత చిప్పులకు మారుదునని 2020 జూన్ 22న ప్రకటించి, ఏడాది చివరిలోగ తొలి యంత్రము వచ్చుననెను. నవంబరు 10న ఎం1 చిప్పు గల కంప్యూటర్లను చూపెను. వీడియో పనిలో అవి తమ ముందటి వానిని చాల మించినవి. ఆ అయిదు నెలలు పాత యంత్రముతో గడుపగలిగినవారు లాభపడిరి. అయితే ఆనాడు ఇంటెల్ మాక్ కొన్నవారును పూర్తిగ మునిగిపోలేదు. వానికి కొత్త వ్యవస్థల నిచ్చుట 2025నాటి వ్యవస్థతో ఆగునని ఆ సంస్థ 2025లో తెలిపినది. అప్పటికి వారు అయిదేండ్లు పని చేసికొనిరి.

రెండవది, తాము వాడు కెమెరా వ్రాయు పద్ధతికి తగిన వలయము బజారులోని యంత్రములో లేనప్పుడు. ఉదాహరణకు, 4:2:2 అను హెచ్చు రంగు వివరము గల వీడియోను విప్పు వలయము ఎన్‌విడియా కార్డులలో 2025నాటి ఆర్‌టిఎక్స్ 50 శ్రేణితో గాని రాలేదు. అట్టి కెమెరా లేనివారికి ఆ భేదముతో పనిలేదు.

మూడవది, ఉన్న యంత్రమునే బాగుచేసికొనుటకు మార్గము మిగిలియున్నప్పుడు. తిరుగు హార్డు డిస్కునకు బదులు ఎస్.ఎస్.డి. అమర్చుట, వీలున్నచో ర్యాము పెంచుట ఒక మార్గము. ఖర్చులేని మార్గ మింకొకటి కలదు. దానిని ప్రాక్సీ పద్ధతి యందురు. 4కె చిత్రమునకు 960 అడ్డము, 540 నిలువు గల చిన్న నకలు చేసినచో అందు 5,18,400 బిందువులుండును. ఇది సరిగ 16వ వంతు. కూర్పంతయు ఈ నకలుపై చేసి, చివర అసలు చిత్రముతో తుదిరూపము తీయవచ్చును. ఉచితముగ లభించు కెడెన్‌లైవ్, డావించి రిజాల్వ్ వంటి కూర్పు సాధనములలో ఈ ఏర్పాటు కలదు. దీనివలన మన 4 గంటల నిరీక్షణ 2 గంటలైనచో, కొత్త యంత్రము వలన మిగులునది పాఠమునకు 1 గంట మాత్రమే. ఏడాదికి 180 బదులు 60 గంటలు. కొనక ముందు ఈ ప్రయత్నము చేసి చూడనివాడు తన అవసరమును తాను కొలువలేదన్నమాట.

విద్యార్థులకు ఒక ప్రయోగము

పాఠశాలలో కూర్పు పని జరుగునప్పుడు ఇద్దరు విద్యార్థులు గడియారము పట్టుకొని కూర్చుండవలెను. కూర్పరి చేతులు పనిచేయుచున్న కాలమును ఒకరు, అతడు యంత్రము కొరకు ఆగిన కాలమును ఇంకొకరు వ్రాయవలెను. మూడు పాఠములకు ఇట్లు వ్రాసి సగటు తీయవలెను. ఆగిన కాలమును ఏడాదిలోని పాఠముల సంఖ్యచే గుణించిన, పాత యంత్రము పాఠశాలనుండి ఏటేట వసూలు చేయుచున్న పన్ను ఎంతయో తేలును. ఆ కాగితమును ప్రధానోపాధ్యాయుని బల్లపై నుంచినచో మూసిన ఫైలు తెరచుకొనును.

ఇంకొక్క విషయము గంటల లెక్కకు అందదు. 2020లో పాఠశాలలు మూతపడినప్పుడు, సెప్టెంబరు 1 నుండి తెలంగాణములో దూరదర్శన్ యాదగిరి, టి-శాట్ ద్వారా పాఠములు ప్రసారమైనవి. ఆనాడు మరింత మంచి పరికరములు వచ్చువరకు ఆగుదమనుకొన్నచో పిల్లల విద్యా సంవత్సరము ఆగియుండెడిది కాదు. యంత్రము ఏటేట మెరుగగును. పదవ తరగతి విద్యార్థి మాత్రము మార్చి నెలలో పరీక్ష వ్రాసి వెడలిపోవును. వచ్చే యేటి యంత్రముతో తీసిన పాఠము ఎంత చక్కగ నున్నను, అది అతనికి అందదు. లెక్కలో పనులు నిజముగ నున్నవని తేలిన నాడు, దొరికిన యంత్రములో తగినదానిని కొని పని మొదలిడుటయే మేలు. కొన్న పిదప కొత్త ప్రకటనలు చూచి చింతింపనక్కర లేదు. ఆనాటికి మనవద్ద కొన్ని పాఠములు సిద్ధమై యుండును.